ఉప్పునీటి ట్యాంకులో మొదటి క్లౌన్ ఫిష్ జత: ఏ రకం, ఎక్కడ పుట్టింది, ఎనిమోన్ కావాలా?

"అన్నా, ట్యాంకు రెడీ అయింది. ఈ ఆదివారం నీమో జత తెచ్చుకుంటున్నా" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను అడిగే మొదటి మాట, "ఏ నీమో?" అని. షాపులో ఆ ఒక్క పేరు మీద నాలుగైదు రకాల చేపలు అమ్ముతారు. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల పట్టీలున్నది ఒకటి. ముదురు ఎరుపుది ఇంకొకటి. నల్లటి ఒళ్లు, పసుపు తోక ఉన్నది మరొకటి. అన్నీ క్లౌన్ ఫిష్‌లే. ప్రపంచం మొత్తమ్మీద వీటిలో 30 జాతుల దాకా ఉన్నాయి. కానీ గుణంలో వీటి మధ్య తేడా చాలా ఎక్కువ. ఒకటి మీరు చెయ్యి పెడితే పక్కకు తప్పుకుంటుంది. ఇంకొకటి ఆ చేతినే కొరుకుతుంది.

బాగా చూసుకుంటే ఇవి పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతాయి. ఈ రోజు బడికి వెళ్లే మీ పిల్ల రేపు కాలేజీ దాటేదాకా ఆ చేప మీ ఇంట్లోనే ఉండొచ్చు. అందుకే రంగు చూసి కొనొద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను. చూడాల్సినవి మూడు: దాని గుణం, అది పుట్టిన చోటు, మీ ట్యాంకు సైజు.

ఒసెల్లారిసా, పెర్క్యులానా?

అందరి కళ్లలో మెదిలే ఆ నారింజ చేప ఈ రెండింటిలో ఏదో ఒకటి. ఒసెల్లారిస్ అండమాన్ సముద్రం నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర తీరం, జపాన్ దక్షిణ ద్వీపాల దాకా ఉంటుంది. పెర్క్యులాది ఇంకొంచెం తూర్పున, పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, క్వీన్స్‌ల్యాండ్ ఉత్తర భాగం. చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. పెర్క్యులాకి తెల్ల పట్టీల అంచున నల్ల గీత మందంగా ఉంటుంది, కంటి చుట్టూ నారింజ ఛాయ మెరుస్తుంది. వీపు మీది రెక్కలో ముళ్లు లెక్కపెడితే ఒసెల్లారిస్‌కి సాధారణంగా 11, పెర్క్యులాకి 10. షాపులో కదిలే చేపకి ముళ్లు లెక్కపెట్టడం అయ్యే పని కాదనుకోండి. ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే కొంత తెలుస్తుంది.

ఇంటి ట్యాంకు వరకు ఈ రెండింటి గుణం దాదాపు ఒకటే. ఆడచేప పెరిగి 8, 9 సెంటీమీటర్లు అవుతుంది, మగది అంతకంటే చిన్నగా ఉండిపోతుంది. మిగతా చేపల జోలికి పెద్దగా పోవు. పెర్క్యులా కాస్త సుకుమారం, ధర కూడా ఎక్కువ. పైగా ఒసెల్లారిస్‌నే పెర్క్యులా అని అమ్మడం తరచూ జరుగుతుంది. ఆ పేరు కోసం అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. మొదటి జతకి ఒసెల్లారిస్ చాలు.

ఈ రెండింటిలోనే ఇప్పుడు స్నోఫ్లేక్, పికాసో, ప్లాటినం అంటూ రకరకాల పేర్లతో వస్తున్నాయి. ఇవి వేరే జాతులు కావు. హ్యాచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోట, తల్లిదండ్రుల్ని ఎంచి ఎంచి జత కట్టించి తెచ్చిన పట్టీల తేడాలు మాత్రమే. నచ్చితే తీసుకోండి, తప్పేం లేదు. కానీ అద్దం దగ్గరికి ముఖం పెట్టి చూడండి: మొప్ప మూత పూర్తిగా మూసుకుంటోందా, కింది దవడ సరిగ్గా ఉందా అని. నాసిరకం హ్యాచరీ పిల్లల్లో మొప్ప మూత పొట్టిగా ఉండి, లోపలి ఎర్రటి మొప్పలు బయటికి కనిపిస్తుంటాయి. అలాంటిది ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

సముద్రంలో పట్టిందా, హ్యాచరీలో పుట్టిందా?

నా దృష్టిలో జాతి కంటే పెద్ద ప్రశ్న ఇదే. షాపులో చాలామంది అడగనిది కూడా ఇదే.

సముద్రపు చేపల్లో ఎక్కువ వాటిని ఇప్పటికీ హ్యాచరీలో పెంచలేకపోతున్నారు. వాటి గుడ్లు నీళ్లలో తేలిపోతాయి, పిల్లలు కంటికి ఆననంత చిన్నవి, నెలల తరబడి నడిసముద్రంలో తిరుగుతాయి. క్లౌన్ ఫిష్ అలా కాదు. ఎనిమోన్ (రాతికి అంటుకుని వేళ్లలాంటి తీగలు ఊపే సముద్ర జీవి) పక్కనే రాయిని నోటితో శుభ్రం చేసి, దానికి అంటుకునేలా గుడ్లు పెడుతుంది. మగచేప రాత్రింబవళ్లు రెక్కలతో విసురుతూ, పాడైన గుడ్లని నోటితో తీసేస్తూ కాపలా కాస్తుంది. గుడ్లు మొదట నారింజ రంగులో ఉంటాయి. పోనుపోనూ ముదిరి, చివరి రెండు రోజుల్లో ఒక్కో గుడ్డులో రెండు వెండి కళ్లు మెరుస్తాయి. వారం పది రోజులకి, చీకటి పడ్డాక పొదుగుతాయి. పిల్లలకి మేత మొదట రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు, తర్వాత ఆర్టీమియా అనే బుల్లి రొయ్యలు. రెండు వారాలు తిరక్కుండానే ఒంటి మీద తెల్ల పట్టీ మొదలవుతుంది. ఇంత తక్కువ వ్యవధిలో పిల్ల చేపగా మారుతుంది కాబట్టే దీన్ని హ్యాచరీలో పెంచడం కుదిరింది. మన దేశంలో కూడా తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం క్లౌన్ ఫిష్ జాతుల్ని పెంచే పద్ధతుల్ని తయారుచేసి చూపించింది. అంటే హ్యాచరీ చేప దొరికే అవకాశం ఉండగా సముద్రం నుంచి పీక్కొచ్చిన దాన్ని కొనాల్సిన అవసరం మనకి లేదు.

మీ ట్యాంకు వైపు నుంచి ఆలోచించినా తేడా పెద్దదే. సముద్రంలో పట్టిన చేప పట్టినవాడి బకెట్, ఎగుమతిదారు గిడ్డంగి, విమానం, హోల్‌సేల్ తొట్టి, చివరికి మీ ఊరి షాపు, ఇన్ని దాటి వస్తుంది. కొన్ని దేశాల్లో సైనైడ్ చల్లి చేపల్ని మత్తులోకి దించి పట్టే అలవాటు ఇంకా పోలేదు. అలా పట్టిన చేప చూడ్డానికి బాగానే ఉండి, కొన్నాళ్లకి కారణం తెలియకుండా పోతుంది. ఇవన్నీ తట్టుకున్నా బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి పొంచి ఉంటుంది. క్లౌన్ ఫిష్‌లకి ఇది ఎంత ఎక్కువగా వస్తుందంటే, హాబీలో దాన్ని క్లౌన్ ఫిష్ జబ్బనే అంటారు. ఒంటి మీద తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంది, చేప నీటి పైన గబగబా ఊపిరి తీస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. వైద్యం ఉంది కానీ దానికి వేరే తొట్టి, ఫార్మాలిన్ అనే మందు కావాలి. మొదటిసారి ట్యాంకు పెట్టినవాళ్లు అంత వేగంగా స్పందించడం కష్టం. హ్యాచరీ చేపకి ఈ జబ్బు రాదని కాదు, సముద్రపు చేపలతో ఒకే తొట్టిలో ఉంచితే దానికీ అంటుకుంటుంది. విడిగా ఉంచిన హ్యాచరీ చేపతో మాత్రం ముప్పు బాగా తక్కువ.

షాపులో తేడా ఎలా పట్టాలి? నేను చేసేది ఒక్కటే. "కొంచెం పెల్లెట్ వెయ్యండి" అంటాను, అంటే గింజల్లా ఉండే పొడి మేత. హ్యాచరీ పిల్ల పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పెల్లెట్ తిన్నదే. మనిషి నీడ పడగానే అద్దం దగ్గరికి వచ్చి, గింజ నీళ్లలో పడీ పడకముందే అందుకుంటుంది. సముద్రపు చేప మూలన నిలబడి చూస్తుంది, లేదా నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. అడిగితే పెల్లెట్ వెయ్యని షాపులో నేను కొనను. ఇంకో గుర్తు, హ్యాచరీ చేపలన్నీ ఇంచుమించు ఒకే సైజులో గుంపుగా ఉంటాయి, కొన్నింటి పట్టీలు మధ్యలో తెగో, వంకరగానో ఉంటాయి. ఆ వంకర పట్టీ చూసి వద్దనుకోకండి.

జత ఎలా కట్టించాలి?

క్లౌన్ ఫిష్‌లన్నీ మగవిగానే ఎదుగుతాయి. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదిగా మారుతుంది. దాని తర్వాతిది దాని జోడు. ఆడది పోతే ఆ మగదే ఆడదవుతుంది. ఒకసారి ఆడదైతే మళ్లీ వెనక్కి మారదు. అందుకే రెండు పెద్ద చేపల్ని తెచ్చి ఒకే ట్యాంకులో వేస్తే రెండూ ఆడవై, ఒకదాన్నొకటి చంపుకునేదాకా పోవచ్చు. రెండు చిన్న పిల్లల్ని, ఒకటి కాస్త పెద్దగా ఒకటి కాస్త చిన్నగా ఉండేలా తీసుకోండి. మొదటి వారం పెద్దది చిన్నదాన్ని తరుముతుంది. కంగారు పడకండి, చిన్నది ఏం చేస్తుందో చూడండి. అది పెద్దదాని ముందు పక్కకి ఒరిగి, ఒళ్లంతా గజగజ వణికించిందంటే "నువ్వే పెద్దదానివి" అని ఒప్పుకున్నట్టు. ఆ వణుకు కనబడితే సగం గండం గడిచినట్టే. వణక్కుండా చిన్నది రోజంతా పైమూలన దాక్కుంటే, రెక్కలు చిరిగితే, దాన్ని విడదీయాలి. మూడోది మాత్రం ఎప్పుడూ వెయ్యొద్దు.

మిగతా రకాలు

మెరూన్ క్లౌన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను మొదట కొన్నది అదే. ముదురు ద్రాక్ష రంగు, దాని మీద సన్నటి పట్టీలు. ఆ రంగు ముందు మిగతావన్నీ వెలవెలబోయాయి. షాపులో నేను కొన్న ఆడ, మగ చేపలు రెండూ పక్కపక్కనే ఉన్న వేరు వేరు అరల్లో ఉన్నాయి, అలా ఎందుకు పెట్టారో నేను అడగలేదు. ఇంట్లో 120 లీటర్ల ట్యాంకులో రెండింటినీ కలిపి వేశాను. మూడో వారంలో మగచేప రెక్కలు పీలికలై కనిపించింది, ఆ మర్నాడు పొద్దున్నకి పోయింది. ఆ ప్రాణం నా తొందర వల్ల పోయింది. ఆడది తర్వాత ఏళ్ల తరబడి ఒంటరిగా బతికింది. అద్దం తుడవడానికి చెయ్యి పెడితే వేళ్ల మధ్య చర్మం పట్టుకుని లాగేది. కోపమొస్తే "టక్ టక్" మని పళ్లు కొట్టే చప్పుడు గదిలోకి వినిపించేది. మెరూన్ ఆడచేప 15 సెంటీమీటర్లు దాటుతుంది. చెంప మీద ముల్లు ఉంటుంది, వలతో పడితే ఆ ముల్లు ఇరుక్కుని చేప గాయపడుతుంది. ఎప్పుడైనా పట్టాల్సి వస్తే ప్లాస్టిక్ డబ్బాతోనే పట్టండి. 300 లీటర్ల పైన ట్యాంకు, గట్టి చేపల తోడు ఉన్నవాళ్లకి ఇది గొప్ప చేపే. మొదటి ట్యాంకుకి వద్దు.

క్లార్కై క్లౌన్ మొండి ఘటం. నీళ్లలో చిన్న చిన్న తప్పులు తట్టుకుంటుంది, ఏది పెట్టినా తింటుంది. క్లౌన్ ఫిష్‌లకి ఆశ్రయమిచ్చే పది జాతుల ఎనిమోన్‌లలోనూ కాపురముండే చేప ఇదొక్కటే. మన షాపుల్లో దీన్నీ, మన్నార్ సింధుశాఖలో దొరికే సీబే క్లౌన్ ఫిష్‌నీ కలగాపులగం చేసి అమ్ముతారు. రెండూ నల్లటి ఒంటికి పసుపు కలిసినవే. సీబేకి నడిమి పట్టీ కాస్త ఏటవాలుగా వీపు రెక్క మీదికి పాకుతుంది. రెండూ పెద్దవవుతాయి, 200 లీటర్ల కంటే తక్కువలో పెడితే కొత్తగా వచ్చిన ఏ చేపనీ ఉండనివ్వవు. పెద్ద ట్యాంకు ఉండి, నీళ్ల లెక్కలు ఇంకా చేతికి అలవాటు కాలేదంటే మాత్రం ఒసెల్లారిస్ కంటే క్లార్కై మేలు.

టొమాటో క్లౌన్ గుణంలో మెరూన్‌కి తమ్ముడు లాంటిది. స్కంక్ క్లౌన్ వీపు మీద తెల్ల గీతతో ముద్దుగా ఉంటుంది, చాలా సాధువు. కానీ ఎనిమోన్ లేకపోతే బెదిరిపోయి మూలన నక్కుతుంది, ప్రయాణం కూడా సరిగ్గా తట్టుకోదు. రెండో ట్యాంకు పెట్టినప్పుడు ఆలోచించండి.

ఎనిమోన్‌తోనా, లేకుండానా?

క్లౌన్ ఫిష్ కొన్నవాళ్లందరి మనసులో ఉండే బొమ్మ ఒకటే, ఊగే ఎనిమోన్ వేళ్ల మధ్య పడుకున్న చేప. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. కానీ మొదటి ఏడాది వద్దనే చెబుతాను.

సముద్రంలో క్లౌన్ ఫిష్‌కి ఎనిమోన్ కోట. అది లేకపోతే పెద్ద చేపలు మింగేస్తాయి. మీ ట్యాంకులో మింగేవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి చేపకి దాని అవసరం లేదు. ఎనిమోన్ అవసరాలు మాత్రం చేప కంటే ఎన్నో రెట్లు. దానికి పగడాల ట్యాంకులకి వాడే బలమైన రీఫ్ లైటు కావాలి, ఎందుకంటే దాని ఒంట్లో ఉండే సూక్ష్మ నాచు వెలుతురుతోనే దానికి తిండి పెడుతుంది. లవణీయత (నీటిలోని ఉప్పు పాలు) 35 పీపీటీ దగ్గర, అంటే వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు దగ్గర, కదలకుండా ఉండాలి. ట్యాంకు కనీసం ఆర్నెల్లు, వీలైతే ఏడాది పాతబడాలి. ఒసెల్లారిస్ బాగా వేడెక్కిన నీళ్లలో కూడా కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ఎనిమోన్ ఆ వేడికి తన నాచుని బయటికి కక్కేసి తెల్లబడిపోతుంది.

పైగా అది నడుస్తుంది. చోటు నచ్చకపోతే రాత్రికి రాత్రి పాదం ఊడదీసుకుని కదులుతుంది. మా ఇంట్లో ఒక బబుల్ టిప్ ఎనిమోన్ (వేళ్ల చివర బుడగల్లా ఉబ్బే రకం) నాలుగు నెలలు ఒకే రాతి సందులో బుద్ధిగా ఉంది. ఒక రాత్రి లేచి, నీళ్లని కదిలించే పంపు అయిన వేవ్‌మేకర్ దాకా పోయింది. పొద్దున లైటు వేసేసరికి నీళ్లు పలచటి పాలలా ఉన్నాయి, అక్కడక్కడా గులాబీ రంగు ముక్కలు తిరుగుతున్నాయి. సగం నీళ్లు మార్చి, నీళ్లని శుభ్రం చేసే కార్బన్ వేసి, మలినాన్ని నురగగా తీసే స్కిమ్మర్ గట్టిగా నడిపితే చేపలు దక్కాయి. ఎనిమోన్ పోయింది. సముద్రంలో అవి దశాబ్దాల పాటు బతికే జీవాలు. ఆ తర్వాత వేవ్‌మేకర్ జాలీకి స్పాంజి గార్డు తొడగనిదే నేను ఎనిమోన్ పెట్టలేదు.

ఏడాది తర్వాత పెట్టుకోవాలనుకుంటే బబుల్ టిప్ ఒక్కటే చూడండి. నిజానికి సముద్రంలో ఒసెల్లారిస్ ఉండేది మాగ్నిఫికా అనే ఎనిమోన్‌లో, రెండు జాతుల కార్పెట్ ఎనిమోన్‌లలో. కానీ మాగ్నిఫికా ఇంటి ట్యాంకుల్లో నిలదొక్కుకోవడం చాలా కష్టం. కార్పెట్‌లు పక్కన పోయే చేపల్ని పట్టి తినేస్తాయి. బబుల్ టిప్ రెండుగా చీలి పిల్లలవుతుంది కాబట్టి ఎవరో ఒకరి ట్యాంకులో పెరిగిన ముక్క మీకు దొరుకుతుంది. చేప దాన్ని ఒప్పుకుంటుందా అన్నది మాత్రం దాని ఇష్టం. హ్యాచరీలో పుట్టిన చేప ఎనిమోన్‌ని పుట్టాక చూసి ఉండదు, కొన్ని ఆ రోజే దూరతాయి, కొన్ని నెలల తరబడి దాని వైపే చూడవు.

ఆ దృశ్యం కావాలి, రిస్కు వద్దు అనుకునేవాళ్లకి నా సలహా టోడ్‌స్టూల్ లెదర్ కోరల్. పుట్టగొడుగు ఆకారంలో, పైన చిన్న చిన్న వేళ్లతో ఉండే మెత్తటి పగడం. మా ఒసెల్లారిస్ జత దాన్నే సొంతం చేసుకుని, రాత్రిళ్లు దాని మీదే ఒరిగి నిద్రపోతుంది. రాతి పగడాల జోలికి మాత్రం వెళ్లకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001 నుంచి రాతి పగడాలన్నీ మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఇచ్చిన స్థానమే వాటికీ ఇచ్చారు. మన తీరం నుంచి తీసిన పగడపు రాళ్లని లైవ్ రాక్ పేరుతో ఎవరైనా అమ్మితే అదీ కొనొద్దు. సిమెంటు, సిరామిక్‌తో చేసిన రాళ్లు దొరుకుతాయి, నాలుగైదు నెలల్లో వాటి మీద గులాబీ నాచు పట్టి అచ్చం సముద్రపు రాయిలాగే అవుతాయి.

మీ ఊరిని బట్టి ఎంపిక

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలలే అసలు పరీక్ష. ఏసీ లేని గదిలో నీళ్లు 31, 32 డిగ్రీలకి చేరడం ఎంతసేపో పట్టదు. ఒసెల్లారిస్ మాత్రమే ఉంటే నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, మన ఎండలు పొడిగా ఉంటాయి కాబట్టి నీళ్లు బాగా ఆవిరవుతాయి. విశాఖలో, కాకినాడలో అదే ఫ్యాన్ అంత పని చెయ్యదు, గాలిలో తేమ ఎక్కువ. ఎనిమోన్ పెట్టేవాళ్లకి ఎక్కడున్నా చిల్లర్ (నీళ్లని చల్లబరిచే యంత్రం) తప్పదు. ఫ్యాన్‌తో ఆవిరైన నీళ్లకి బదులు ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లే పొయ్యాలి. ఉప్పు ఆవిరి కాదు, ఉప్పునీళ్లే పోస్తూ పోతే లవణీయత రోజురోజుకీ పెరిగిపోతుంది.

తీరం దగ్గర ఉన్నవాళ్లు "సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడం దేనికి" అంటారు. వాడొచ్చు, కానీ రేవు దగ్గర, ఊరి మురుగు కలిసే చోట పట్టొద్దు. వానాకాలంలో గోదావరి వరద కలిసినప్పుడు కాకినాడ వైపు ఒడ్డు నీళ్లలో ఉప్పు బాగా పడిపోతుంది, ఉప్పు ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడకుండా ట్యాంకులో పొయ్యకూడదు. నేనైతే లీటరుకి 35 గ్రాముల చొప్పున రీఫ్ సాల్ట్ (ట్యాంకుల కోసమే అమ్మే ఉప్పు) కలుపుకోవడానికే మొగ్గుతాను. 100 లీటర్ల ట్యాంకులో వారానికి పది లీటర్లు మార్చినా పట్టేది 350 గ్రాములే.

కరెంటు కూడా చూసుకోండి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ ఉంటుంది, పంపు ఆగితే ముందు ఇబ్బంది పడేది పెద్ద చేపలు. ఇన్వర్టర్ మీద వేవ్‌మేకర్ ఒక్కటి పెట్టినా చాలు. అదీ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు తెచ్చి పెట్టుకోండి.

ఇవన్నీ కుదిరితే, ట్యాంకు సైకిల్ (వ్యర్థాల్ని అరిగించే బాక్టీరియా నిలదొక్కుకోవడం) పూర్తయి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక, 100 లీటర్ల ట్యాంకు ఉన్నవాళ్లు రెండు హ్యాచరీ ఒసెల్లారిస్ పిల్లల్ని తెచ్చుకోండి. ముందు ఒక చిన్న తొట్టిలో మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, పెల్లెట్ తింటున్నాయా, ఒంటి మీద జిగురు ఉందా చూడండి. ట్యాంకులోకి మార్చేరోజు సాయంత్రం మార్చండి, తొట్టి నీళ్లు లోపల పొయ్యకండి, ఆ రాత్రి లైటు వెయ్యకండి. పొద్దున నాలుగు గింజలు వేసి చూడండి, పెద్దది ముందు వస్తుంది.